పాత కారు సైలెన్సర్ లీకు: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి మరమ్మతు

సెకండ్ హ్యాండ్ కారులో పొగ లీకును చాలామంది చప్పుడుగానే లెక్కవేసి, షెడ్డుకు వెళ్లగానే "సైలెన్సర్ పోయింది, మార్చండి" అని చెప్పేస్తారు. నిజానికి ఇంజను నుంచి వెనుక గొట్టం దాకా మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒక్కచోట చేర్చే పోత గొట్టాలు), అది ఇంజనుకు కలిసే అతుకులోని ప్యాకింగు, ఫ్లెక్సిబుల్ పైపు (తీగల అల్లికతో వంగే గొట్టం), క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం), ఆ తర్వాతే సైలెన్సర్ డబ్బా ఉంటాయి. వీటిలో లీకు ఎక్కడుందన్న దాన్ని బట్టే ప్రమాదమూ ఖర్చూ మారతాయి కనుక, మసి ఎక్కడ పట్టిందో కళ్లతో చూడనిదే ఏ భాగాన్నీ మార్పించకూడదు.

కారు లోపల పొగ వాసన, తలనొప్పి

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు తల తిరిగితే ఆ నేరాన్ని మలుపుల మీదికి నెట్టేయడం మనకు అలవాటు. మా ఇంట్లోనూ అదే జరిగింది. చెన్నై నుంచి వచ్చిన ఒక పాత పెట్రోలు కారు కొన్న కొత్తలో, అలిపిరి తనిఖీ దగ్గర ఇంజను ఆపకుండా చాలాసేపు వరుసలో నిలబడి కొండెక్కేసరికి, వెనుక కూర్చున్న మా అమ్మకే కాక స్టీరింగు పట్టుకున్న నాకూ తల పగిలిపోయింది. నిమ్మకాయ వాసన చూసినా తగ్గని ఆ నొప్పి, పైన కారు దిగి గాలికి కాసేపు నిలబడితే తగ్గింది. మలుపుల వల్ల కడుపులో తిప్పడం బండి నడిపేవారికి అరుదు. కాబట్టి కారులో ఉన్న అందరికీ ఒకేసారి తలనొప్పో వికారమో మొదలై, దిగాక తగ్గుతుంటే ముందుగా కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమానించాలి. ఈ వాయువుకు రంగూ వాసనా లేవు. మనకు తెలిసే వాసన దానితో పాటు వచ్చే ఇతర వాయువులది. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది.

కారణం సాధారణంగా ఇంజను గదిలో ఉంటుంది. ముందు అద్దం అడుగున ఉండే గాలి దారి, మ్యానిఫోల్డ్ దగ్గర బయటపడిన పొగను లోపలికి లాగేస్తుంది. వెనుక లీకైతే డిక్కీ రబ్బరు అరిగిపోవడమో, డిక్కీ నేలలో తుప్పు చిల్లు పడడమో కారణమవుతుంది. మరమ్మతయ్యే దాకా ఘాట్ ప్రయాణం మానుకోవాలి. షెడ్డు దాకా వెళ్లక తప్పకపోతే నాలుగు అద్దాలూ దించుకుని వెళ్లాలి. ఎవరైనా స్పృహ తప్పుతున్నట్టుంటే వెంటనే బయటి గాలికి తీసుకువచ్చి ఆసుపత్రికి చేర్చాలి.

ఉదయం స్టార్ట్ చేయగానే టిక్ టిక్ చప్పుడు

మేము మొదట వెళ్లిన షెడ్డులో వెనుక సైలెన్సర్ మార్చి పంపించారు. చప్పుడు కొంత తగ్గింది గాని తలనొప్పి తగ్గలేదు. అసలు గుర్తు ఉదయం పూట వినిపించే చప్పుడులో ఉంది. రాత్రంతా ఆగిన ఇంజను తిరగగానే టిక్ టిక్‌మని, వేడెక్కి లోహం వ్యాకోచించాక ఆ చప్పుడు సన్నగిల్లితే, మ్యానిఫోల్డ్ ప్యాకింగు కాలిందనో, దాన్ని బిగించే స్టడ్డు (తల లేని మరబోల్టు) విరిగిందనో, మ్యానిఫోల్డ్ పోతలో సన్నటి పగులు ఉందనో అనుమానించాలి. ఇంజను వాల్వులను కదిపే ట్యాపెట్ల చప్పుడు కూడా ఇలాగే ఉంటుంది గాని, పొగ లీకు చప్పుడు యాక్సిలరేటర్ నొక్కి ఇంజనుపై భారం వేసినప్పుడు పెరుగుతుంది, పైగా మ్యానిఫోల్డ్ ఇంజనుకు కలిసే అతుకు దగ్గర నల్లటి మసి చార కనిపిస్తుంది.

పరీక్షకు అగరుబత్తి చాలు. పెట్రోలు వాసన ఎక్కడా లేదని నిర్ధారించుకుని, కారును ఆరుబయట నిలిపి, ఇంజను చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, బత్తిని ఫ్యానుకు దూరంగా అతుకు వెంబడి నెమ్మదిగా జరపాలి. తిన్నగా లేస్తున్న పొగ తీగ ఒకచోట తెగి, ఇంజను కొట్టుకునే లయలోనే ఎగిరెగిరి పడితే లీకు అక్కడే. మా కారులో అది చివరి సిలిండర్ దగ్గర దొరికింది.

పాత స్టడ్లను బలవంతంగా తిప్పితే విరుగుతాయి కనుక ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి నాననివ్వాలి. మ్యానిఫోల్డ్ ముఖం వంగి ఉంటే లేత్ షాపులో చదును చేయించాలి, లేకపోతే కొత్త ప్యాకింగు కూడా నిలవదు. నట్లను మధ్య నుంచి రెండు చివరలకూ విడతలవారీగా బిగించాలి.

మైలేజీ తగ్గడం, ఇంజను లైటు వెలగడం

పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకుంటే, పొగ అలల మధ్య బయటి గాలి లోపలికి చేరి, పెట్రోలు తక్కువైందని సెన్సర్ పొరబడుతుంది. కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తుంది. స్కానర్‌లో పి0171 కోడ్ (గాలికి తగినంత పెట్రోలు లేదనే సూచన) వస్తే ఇదీ ఒక కారణం కావచ్చు. లీకు వెతకకుండా సెన్సర్ మార్పించడం డబ్బు దండగ. వెనుక గొట్టంలో గాలి కలిస్తే కాలుష్య పరీక్ష అంకెలు కూడా ఉన్నదానికంటే తక్కువగా వస్తాయి కనుక, సర్టిఫికెట్ ఉందన్న ధైర్యం ఇక్కడ చాలదు.

కింది నుంచి బొయ్‌మనే మోత

సముద్రపు ఉప్పు గాలిలో తిరిగిన కార్ల అడుగుభాగం త్వరగా తుప్పు పడుతుంది. చెన్నై కార్లు ఎక్కువగా వచ్చే మన జిల్లాల్లో కొనే ముందే జాకీ ఎత్తించి చూసుకోవడం మేలు. ఊళ్లో నాలుగేసి కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారుకు తుప్పు లోపలి నుంచి వస్తుంది: పెట్రోలు మండితే పుట్టే నీటి ఆవిరి డబ్బా వేడెక్కకపోవడంతో అందులోనే చేరి, దాన్ని తినేస్తుంది. ఉదయం గొట్టం చివర నాలుగు చుక్కల నీరు కారడం మాత్రం జబ్బు కాదు.

చిన్న చిల్లు అయితే వెల్డింగు పనికొస్తుంది. వేలితో నొక్కితే రేకు కుంగుతుంటే డబ్బా మార్చడమే మంచిది. ఆర్క్ వెల్డింగు చేసేముందు బ్యాటరీ మైనస్ తీగ తీయించకపోతే ఇంజను కంప్యూటర్ దెబ్బతినవచ్చు. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు తెగి ఉంటే, స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ డబ్బా బరువంతా ఫ్లెక్సిబుల్ పైపు మీద పడి దాని అల్లిక చిరుగుతుంది. ఆ రబ్బర్లు మార్చకుండా పైపు ఒక్కటే వేయిస్తే అదీ కొన్నాళ్లకే పోతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు వేస్తామంటే ఒప్పుకోకూడదు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాలుంటాయి, దాన్ని తీసేసిన కారు నిబంధనలకూ విరుద్ధం.

మరమ్మతయిన వారానికి, చల్లటి ఇంజనుతోనే, అదే అగరుబత్తిని అదే అతుకు మీద మరోసారి జరిపి చూశాను. పొగ తీగ ఈసారి తెగలేదు.