‘సిన్స్’ వాడాలా, ‘ఫర్’ వాడాలా? ‘గా’ పెట్టి చూడండి

‘మూడేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాను’ అన్న మాటను ఇంగ్లీషులో చెప్పబోతే చాలామంది నోట ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అని వస్తుంది. ఇందులో రెండు తప్పులున్నాయి. రెండూ తెలుగు వాక్యంలోంచి దిగినవే.

మొదటిది ‘నుంచి’. మనం సోమవారం నుంచి అంటాం, మూడు రోజుల నుంచి అని కూడా అంటాం. ఇంగ్లీషులో ఆ రెండూ వేరు. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలం గడిచిందో చెబితే ఫర్.

తేల్చుకోవడానికి ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టండి. ‘మూడేళ్ళుగా’ కుదిరింది కాబట్టి ఫర్. ‘2019గా’, ‘చిన్నప్పటిగా’ కుదరవు కాబట్టి సిన్స్. ‘రెండు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను’ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. గడియారంలో రెండు అయినప్పటి నుంచా, రెండు గంటలుగానా? మొదటిదైతే ‘సిన్స్ టూ ఓ క్లాక్’, రెండోదైతే ‘ఫర్ టూ అవర్స్’. ‘సిన్స్ లాస్ట్ ఇయర్’ సరైనదే, ‘సిన్స్ లాస్ట్ టూ ఇయర్స్’ తప్పు. అక్కడ ‘ఫర్ ద లాస్ట్ టూ ఇయర్స్’ అనాలి. ‘సిన్స్ లాంగ్’ కూడా తప్పే, ‘ఫర్ ఎ లాంగ్ టైమ్’ అనండి.

రెండో తప్పు క్రియలో ఉంది. మనకు ‘ఉంటున్నాను’ సరిపోతుంది. ఇంగ్లీషులో అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి హావ్ లేదా హాజ్ కావాలి: ‘ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’. సిన్స్ తర్వాత ఒక సంఘటన చెబితే అది మామూలు భూతకాలంలోనే ఉంటుంది: ‘ఐ హావ్ నాట్ సీన్ హర్ సిన్స్ షి లెఫ్ట్’.

ఇక ముందు మొదలయ్యే వాటికి సిన్స్ పనికిరాదు. ‘రేపటి నుంచి’ అంటే ‘ఫ్రమ్ టుమారో’.

సిన్స్‌కు ‘కాబట్టి’ అన్న అర్థమూ ఉంది. వినేవారికి ముందే తెలిసిన కారణానికి అది బాగుంటుంది: ‘సిన్స్ యు ఆర్ హియర్, లెట్ అస్ స్టార్ట్’. ఎందుకు అని అడిగితే మాత్రం జవాబు బికాజ్‌తోనే ఇవ్వాలి. ‘సిన్స్ హి లెఫ్ట్, ద వర్క్ హాజ్ స్లోడ్ డౌన్’ వంటి వాక్యంతో జాగ్రత్త. అతను వెళ్ళినప్పటి నుంచి అనా, వెళ్ళాడు కాబట్టి అనా? చదివేవారికి తెలియదు. కారణమే చెప్పదలిస్తే అక్కడా బికాజ్ రాయండి.