కోనసీమకు కుటుంబంతో వెళ్ళడం ఎలా? ముందు ఏం తినాలో తేల్చుకోండి

హైదరాబాదులో కోనసీమ ట్రిప్ అనుకోగానే చాలామంది రిసార్టు ఫొటోలు చూడటం మొదలుపెడతారు. ఆ పని చివర్లో చేసినా నష్టం లేదు. ఒకపక్క గౌతమి, ఇంకోపక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద బంగాళాఖాతం. చుట్టూ నీళ్ళున్న ఈ లంకలో తిండి నెలనెలకీ మారిపోతుంది. అందుకే ఏం తినాలని ఉందో ముందు తేల్చుకుంటే, ఎప్పుడు వెళ్ళాలన్నది దానంతటదే తేలుతుంది.

1. నెల ఎంచుకోండి

పులస కావాలంటే గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లోనే వెళ్ళాలి. అంటే సుమారు జులై నుంచి సెప్టెంబరు దాకా. సముద్రంలో విలసగా తిరిగే చేప, గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీదుతూ నదిలోకి వస్తే పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత ఉంది కానీ, అమ్మే ముందు అది పులసో కాదో చూసుకోవాలి కదా! ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐసులో వచ్చిన చేపను పులస పేరుతో అంటగట్టేవాళ్ళు బాగానే ఉన్నారు. రోడ్డు పక్కన బేరమాడకుండా, ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళ చేత ముందురోజే చెప్పించుకోండి. కిలో వేలల్లో ఉంటుంది, మనసు గట్టి చేసుకోవాలి. బెండకాయలు వేసి మట్టిదాకలో, కట్టెల పొయ్యి మీద సన్నసెగన పులుసు పెట్టి, రాత్రంతా వదిలేసి మర్నాడు తింటారు. పొద్దున చేప కోసి మధ్యాహ్నానికే వడ్డిస్తామనే చోట నేనైతే పులస ఆర్డర్ ఇవ్వను. ముళ్ళు విపరీతం, చిన్నపిల్లలకు వలిచి పెట్టడానికి ఇంట్లో ఒకరు సిద్ధంగా ఉండాలి.

సంక్రాంతికి వెళ్తే కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాల్సిందే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల (పదకొండు శివరూపాల) ప్రభలను, అంటే వెదురుతో కట్టి రంగుబట్టలతో అలంకరించిన ఎత్తైన చట్రాలను, భుజాల మీద మోసుకుంటూ పచ్చని పొలాల్లోంచి, కౌశిక ఏటి నీళ్ళు దాటించి మరీ తెస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం దీని మీదే. కోడిపందాలకు మాత్రం పిల్లల్ని తీసుకెళ్ళకండి. చట్టం ఒప్పుకోదు, చూడటానికి కూడా బాగుండదు.

ఎండాకాలంలో మామిడితాండ్ర, పనస పండ్లు దొరుకుతాయి. కానీ మన పొడి ఎండకు అలవాటైన ఒంటికి అక్కడి ఉక్కపోత నరకం. పెద్దవాళ్ళతో మొదటిసారి వెళ్తుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి.

2. టికెట్లు, దారి

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికైతే ఆ పొద్దున ఫోన్ పట్టుకుని కూర్చోవాలి, కాఫీ తాగి వచ్చేలోపు వెయిటింగ్ లిస్టు అయిపోతుంది. చాలామంది రాజమండ్రిలో దిగుతారు. నా ఓటు నరసాపురానికి. రాత్రి రైలెక్కి పొద్దున అక్కడ దిగితే, రేవులో పంటు (నది దాటించే బల్లకట్టు పడవ) ఎక్కి వశిష్ఠ దాటి సఖినేటిపల్లి చేరొచ్చు. మోటార్ సైకిళ్ళు, కార్లు, మనుషులు అంతా ఒకే పంటు మీద. పిల్లలకు హౌస్‌బోటు కన్నా ఇదే నచ్చుతుంది. వరద ఎక్కువైతే పంటు ఆపేస్తారు, అప్పుడు పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దారి పట్టండి. సొంత కారైతే విజయవాడ, తణుకు మీదుగా రావులపాలెం దగ్గర కోనసీమలోకి తిరగాలి.

3. బస ఒక్కచోటే

దిండి గానీ అమలాపురం గానీ. రోజుకో ఊరు మారిస్తే సూట్‌కేసులు సర్దడంతోనే సెలవు అయిపోతుంది.

4. టిఫిన్‌కి అంబాజీపేట

ఇక్కడి పొట్టిక్కల కోసం హోటల్లో ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ వదులుకోవచ్చు. పనసాకులను ఈనె పుల్లలతో కుట్టి బుట్టలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. వేడివేడిగా ఆకు విప్పితే లోపలి ఇడ్లీ మీద ఆకు ఈనెల గుర్తులు దిగి ఉంటాయి, పనసాకు వాసన పిండికంతా పట్టి ఉంటుంది. కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి రెండూ అడగండి. పొద్దున్నే వెళ్ళకపోతే గిన్నెలు కడిగేస్తారు.

5. ఆత్రేయపురంలో కొనడానికి ముందు చూడండి

పూతరేకులు హైదరాబాదు మిఠాయి కొట్టులోనూ దొరుకుతాయి, రేకు తీయడం మాత్రం దొరకదు. నున్నటి కుండను మంట మీద బోర్లించి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి ఇలా లాగుతారు. కన్ను మూసి తెరిచేలోపు కాగితం కన్నా పల్చని రేకు లేచి వస్తుంది. ఇళ్ళలో ఈ పని చేసేది దాదాపు అంతా ఆడవాళ్ళే. ఆ పొయ్యి సెగ పక్కన మనం రెండు నిమిషాలు నిలబడలేం. వీడియో తీసే ముందు అడగండి, కొనేటప్పుడు మరీ గీచి గీచి బేరమాడకండి. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పంచదారవి, బెల్లంవి రెండూ రుచి చూసి తీసుకోండి. నాకు బెల్లంవే ఇష్టం.

6. అంతర్వేది ఒక సాయంత్రం

లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టుకు వెళ్ళండి. నదీ సముద్రం కలిసే చోట లోపలి లాగుడు పైకి కనిపించదు కాబట్టి కాళ్ళు తడుపుకోవడం వరకే. భీష్మ ఏకాదశి రథోత్సవానికి వెళ్తే జనం ఎక్కువ, బస ముందే చూసుకోవాలి. ఏ లాంచీ, ఏ పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగిన సంగతి మరిచిపోకూడదు.

తిరుగుదారిలో పి.గన్నవరం అక్విడక్టు దగ్గర కాసేపు ఆగొచ్చు. కింద వైనతేయ, పైన కాలువ, అంటే నది మీదుగా ఇంకో నీరు పోతుందన్నమాట. వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరే దీనికి పెట్టారు. ఇక్కడ ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే మొహమాటపడి రెండు ముద్దలు తిని లేవకండి, వడ్డించేవాళ్ళు వదలరు. ఆ పూట హోటల్ భోజనం ముందే మానుకోండి.

7. తిరుగు ప్రయాణం

పూతరేకులు గట్టి డబ్బాలోనే కట్టించుకుని చేతి సంచిలో పెట్టుకోండి, సూట్‌కేసులో పెడితే ఇల్లు చేరేసరికి పొడే మిగులుతుంది. కొబ్బరికాయలు కొంటే పైన కొంత పీచు ఉంచమనండి, ఎక్కువ రోజులు నిలవుంటాయి. ఆ కొబ్బరికాయల సంచి మాత్రం సీటు కిందే పెట్టాలి, పై బెర్తు మీద వద్దు.