ఇన్సూరెన్స్ పరిధి చిన్నదైనప్పుడు బరువు తగ్గించే సర్జరీకి సర్జన్‌ను ఎంచుకోవడం ఎలా?

విశాఖపట్నంలో బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించే ఆపరేషన్) చేయించుకోదలచిన వారిలో చాలామంది ముందుగా ఎవరినో అడిగి సర్జన్ పేరు తెలుసుకుంటారు, ఆయన రాసిన పరీక్షలన్నీ చేయించుకుంటారు, ఆ తరువాత ఆసుపత్రిలోని ఇన్సూరెన్స్ కౌంటర్‌కు వెళ్లినప్పుడు తమ పాలసీ అక్కడ చెల్లదన్న సంగతి తెలుస్తుంది. ఈ వరుసను తిరగేయాలి. పాలసీ మనల్ని ఏయే ఆసుపత్రుల వరకు తీసుకెళ్లగలదో ముందు తేల్చుకుని, ఆ జాబితాలో ఉన్న సర్జన్లను ఆ తరువాత నిశితంగా పరిశీలించాలి. జాబితా చిన్నదైనంత మాత్రాన అడగవలసిన ప్రశ్నలు తగ్గవు.

మొదటి పని: పాలసీ నిబంధనలు చదవడం

పాలసీ అమ్మేటప్పుడు ఏజెంటు చేతిలో పెట్టిన కరపత్రం ఇందుకు పనికిరాదు. నిబంధనల పత్రం పూర్తిగా తెప్పించుకుని, మినహాయింపుల భాగంలో ఊబకాయం గురించి ఏం రాశారో చూడాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణికం చేసిన మినహాయింపుల ప్రకారం ఈ సర్జరీ ఖర్చు రావాలంటే డాక్టరు సలహా ఉండాలి, చేసే ఆపరేషన్ వైద్య ప్రమాణాలకు లోబడినదై ఉండాలి, రోగికి 18 ఏళ్లు నిండి ఉండాలి, బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 40 లేదా అంతకు మించి ఉండాలి. బీఎంఐ 35 లేదా అంతకు మించి, 40 లోపు ఉన్నవారికైతే ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండర వ్యాధి, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు), అదుపులోకి రాని టైప్ 2 మధుమేహం, వీటిలో ఏదో ఒకటి ఉండటంతో పాటు, సర్జరీ కాని పద్ధతులు ప్రయత్నించి విఫలమై ఉండాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 2022లో అంతర్జాతీయ బేరియాట్రిక్ సంఘాలు విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే వేరే జబ్బులేవీ లేకపోయినా సర్జరీని సూచించవచ్చు, ఆసియా ప్రజల విషయంలో 27.5 నుంచే పరిశీలించవచ్చు. ఇన్సూరెన్స్ నిబంధనలు మాత్రం 1991 నాటి అమెరికా కొలమానం దగ్గరే ఆగాయి. కాబట్టి సర్జన్ నిజాయితీగా "మీకు అవసరం" అని చెప్పినా, కంపెనీ నిబంధనల ప్రకారం "కుదరదు" అనవచ్చు. ఈ రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు.

బీఎంఐ అంచున ఉన్నవారు కొలత విషయంలో జాగ్రత్త పడాలి. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 102.4 కిలోలు ఉంటే బీఎంఐ సరిగ్గా 40 అవుతుంది. ఓపీలో హడావిడిగా చెప్పులతోనే నిలబెట్టి 162 సెంటీమీటర్లని రాసేస్తే, అదే బరువుకు అది 39కి దిగిపోతుంది, ఆ కాగితమే కంపెనీకి వెళుతుంది. అందుకని చెప్పులు విప్పి, గోడకు నిటారుగా నిలబడి కొలిపించుకుని, తేదీతో సహా కేస్ షీట్‌లో రాయించుకోవాలి. సర్జరీకి ముందు సర్జన్ ఇచ్చే ద్రవాహారంతో కొన్ని కిలోలు తగ్గడం మామూలే కనుక, అది మొదలుపెట్టకముందే ఈ కొలత రికార్డుకెక్కాలి.

సర్జరీ కాని పద్ధతులు విఫలమయ్యాయని నిరూపించేవి పాత చీటీలే. డైటీషియన్ రాసిన ఆహార పట్టికలు, మందుల చీటీలు, నెలనెలా తీసిన బరువు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టులు ఒక ఫైలులో తేదీల వారీగా పెట్టుకోవాలి. గురక, పగటి నిద్ర ఉన్నవారికి స్లీప్ స్టడీ తప్పనిసరి. గంటకు 30 లేదా అంతకంటే ఎక్కువ సార్లు శ్వాస ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో నమోదైతే దానిని తీవ్రమైన స్లీప్ ఆప్నియాగా లెక్కిస్తారు.

వెయిటింగ్ పీరియడ్ కూడా చూడాలి. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 3 ఏళ్ల నిరీక్షణ పెట్టవచ్చు. కొన్ని పాలసీలు ఈ సర్జరీకి విడిగా గడువునూ, చెల్లింపుపై పరిమితినీ పెడతాయి. పరవాడ ఫార్మా కంపెనీల్లోనో, మధురవాడ ఐటీ సంస్థల్లోనో పనిచేసేవారు తమ గ్రూప్ పాలసీని హెచ్‌ఆర్ విభాగం నుంచి అడిగి తీసుకుని చదవాలి, ఎందుకంటే చాలా గ్రూప్ పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్ ఉండదు, కొన్నింటిలో మాత్రం ఊబకాయ చికిత్సనే పూర్తిగా తీసేసి ఉంటారు.

రెండో పని: ఆసుపత్రుల జాబితా

కంపెనీ వెబ్‌సైట్‌లో ఆసుపత్రి పేరు కనిపించినంత మాత్రాన సరిపోదు. ఆరిలోవ హెల్త్ సిటీలో గానీ రాంనగర్‌లో గానీ ఉన్న ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి, మీ పాలసీ పేరు చెప్పి, బేరియాట్రిక్ సర్జరీకి క్యాష్‌లెస్ (బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) ఇస్తున్నారా అని స్పష్టంగా అడగాలి. జాబితాలో లేని ఆసుపత్రి అయినా దారి పూర్తిగా మూసుకుపోదు. 2024 జనవరిలో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ ప్రారంభించిన "క్యాష్‌లెస్ ఎవ్రీవేర్" ఏర్పాటు కింద, ముందుగా నిర్ణయించుకున్న చికిత్సకు 48 గంటల ముందు కంపెనీకి తెలియజేసి, నెట్‌వర్క్ బయటి ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ అడగవచ్చు. అది కుదరకపోతే డబ్బు కట్టి తరువాత తిరిగి రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్ ఉంటుంది, కానీ ఈ సర్జరీలో చిక్కు ప్రశ్నలు ఎక్కువగా వస్తాయి కనుక కంపెనీ నుంచి రాతపూర్వక సమాధానం లేకుండా అప్పు చేసి కట్టడం మంచిది కాదు.

సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్, రైల్వే, పోర్టు వంటి సంస్థల వైద్య సదుపాయం ఉన్నవారికి రెఫరల్ ఎవరు ఇవ్వాలి, అనుమతి ఎవరు ఇవ్వాలి అన్నదే ముఖ్యం. ఈఎస్ఐ వారు మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలోనే ముందు అడగాలి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు నెట్‌వర్క్ ఆసుపత్రిలోని వైద్యమిత్రను (ఈ పథకం సహాయకుణ్ణి) తమ కేసుకు ఈ చికిత్స జాబితాలో వస్తుందో లేదో అడిగి తేల్చుకోవచ్చు.

మూడో పని: సర్జన్ గురించి తెలుసుకోవడం

ఎంఎస్ జనరల్ సర్జరీ తరువాత ల్యాప్రోస్కోపీలో లేదా బేరియాట్రిక్‌లో ఫెలోషిప్ చేశారా, లేక సర్జికల్ గ్యాస్ట్రో ఎంట్రాలజీలో ఎంసీహెచ్ చేశారా అన్నది చూడాలి. రిజిస్ట్రేషన్ నంబరును నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో సరిచూసుకోవచ్చు. ఒబేసిటీ అండ్ మెటబాలిక్ సర్జరీ సొసైటీ ఆఫ్ ఇండియాలో (ఓఎస్‌ఎస్‌ఐ) సభ్యత్వం ఉండటం మంచిదే, అయితే సభ్యత్వం చేతి నైపుణ్యానికి సాక్ష్యం కాదు. కూడళ్లలో "ముందు, తరువాత" ఫొటోలతో కనిపించే హోర్డింగులు ఈ విషయంలో ఏమీ చెప్పవు.

చేతి నైపుణ్యం ఎంత తేడా తెస్తుందో 2013లో ప్రచురితమైన మిషిగన్ అధ్యయనం ఒకటి చూపింది. 20 మంది సర్జన్లు తమ గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి పేగుకు కలిపే ఆపరేషన్) వీడియోలు ఇస్తే, అది ఎవరి వీడియోనో తెలియకుండా తోటి సర్జన్లు మార్కులు వేశారు. నైపుణ్యంలో అట్టడుగు పావు వంతులో ఉన్నవారి రోగుల్లో 14.5 శాతం మందికి సమస్యలు రాగా, పై పావు వంతు వారి రోగుల్లో అవి 5.2 శాతం మందికే వచ్చాయి. రోగికి వీడియో చూసి తేల్చడం సాధ్యం కాదు కాబట్టి, ఎన్ని చేశారు, ఎలా చేశారు అని నేరుగా అడగడమే దారి.

నాలుగో పని: కన్సల్టేషన్‌లో అడగవలసినవి

గత ఏడాదిలో స్లీవ్ (జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని కోసి తీసేసే ఆపరేషన్) ఎన్ని చేశారు, బైపాస్ ఎన్ని చేశారు అని విడివిడిగా అడగాలి. "వేలల్లో చేశాం, అమ్మా" అన్న జవాబు జవాబు కాదు. వారి రోగుల్లో లీక్ (కుట్లు వేసిన చోటు నుంచి కారడం) ఎంతమందికి వచ్చింది, రక్తస్రావంతో మళ్లీ థియేటర్‌కు ఎంతమంది వెళ్లారు అని అడిగినప్పుడు విసుక్కోకుండా అంకెలతో చెప్పే సర్జన్‌ను నమ్మవచ్చు. ఒక్కరికీ ఏ సమస్యా రాలేదని చెప్పేవారైతే తక్కువ చేసినవారో, లెక్క పెట్టనివారో అయి ఉంటారని నా అభిప్రాయం.

వచ్చిన వారందరికీ స్లీవే చేస్తామంటే ఆలోచించాలి. స్లీవ్‌లో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, దానిని వెనక్కి తిప్పలేరు. ఛాతీలో మంట, పులి తేన్పులు ముందునుంచే ఉన్నవారికి అవి ఎక్కువయ్యే అవకాశం ఉంది. అలాంటివారికి బైపాస్ మేలు కావచ్చు. సర్జరీకి ముందు ఎండోస్కోపీ చేస్తారా, ఏ కారణంతో ఈ ఆపరేషన్‌నే ఎంచుకున్నారు అని అడిగితే, మీ రిపోర్టులు చూపిస్తూ వివరించాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అర్ధరాత్రి గురించినది. కుట్లు వేసిన చోట లీక్ అయితే అది సాధారణంగా మొదటి రెండు వారాల్లో బయటపడుతుంది: గుండె నిమిషానికి 120 సార్లకు మించి కొట్టుకోవడం, జ్వరం, కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, ఆయాసం. ఆ రాత్రి ఫోన్ ఎత్తేదెవరు, సీటీ స్కాన్, ఐసీయూ, స్టెంట్ వేయగల ఎండోస్కోపిస్టు అదే ఆసుపత్రిలో ఉన్నారా, సర్జన్ ఊళ్లో ఉంటారా, లేక హైదరాబాద్ నుంచి వచ్చి ఆపరేషన్ చేసి వెళ్లిపోతారా? శ్రీకాకుళం, పాడేరు వైపు నుంచి వచ్చేవారు ఆ మొదటి రెండు వారాలు నగరంలోనే బంధువుల ఇంట్లో ఉండేలా ఏర్పాటు చేసుకోవాలి. పేరున్న సర్జన్ కోసం హైదరాబాద్ వెళ్లదలిస్తే, తిరిగి వచ్చాక లీక్ వస్తే విశాఖలో ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోకుండా వెళ్లకూడదు.

డైటీషియన్ ఎంతకాలం వెంట ఉంటారో, బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ పరీక్షలు ఎన్ని నెలలకు ఒకసారి చేస్తారో కూడా అడగాలి. ఈ మాత్రలు జీవితాంతం వాడవలసి ఉంటుంది, వాటి ఖర్చును పాలసీ సాధారణంగా ఇవ్వదు.

ఐదో పని: బిల్లు అంచనా

అంచనా కాగితంలో స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌లు (జీర్ణాశయాన్ని కోసి మూసే పరికరంలో వేసే పిన్నుల పెట్టెలు) ఎన్ని లెక్కించారో, ఏ కంపెనీవో విడిగా రాయించుకోవాలి, ఎందుకంటే ఖర్చులో పెద్ద భాగం అవే. రూమ్ రెంట్ పరిమితి ఉన్న పాలసీతో ఖరీదైన గది తీసుకుంటే, డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీల్లోనూ ఆ దామాషాలో కోత పడుతుంది. "హెర్నియా అని రాసి క్లెయిమ్ చేయిద్దాం" అని ఎవరైనా సలహా ఇస్తే, ఆ ఆసుపత్రిని జాబితా నుంచి కొట్టేయాలి. అది మోసం, దొరికితే పాలసీ కూడా పోతుంది.

అనుమతి నిరాకరించినప్పుడు

ప్రీ ఆథరైజేషన్‌ను (సర్జరీకి ముందు కంపెనీని అడిగే అనుమతిని) తిరస్కరిస్తే ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగాలి. బీఎంఐ కొలతలోనో, పాత చికిత్స రికార్డులోనో లోపం ఉంటే సర్జన్ చేత వివరణ లేఖ రాయించి మళ్లీ పంపవచ్చు. అయినా ఒప్పుకోకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులను తేల్చే అధికారికి) వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ వారి ఫిర్యాదులను ఆ కార్యాలయమే చూస్తుంది, దానికి ఫీజు లేదు. అంబుడ్స్‌మన్ తేల్చేవరకు ఆగగలిగే ఆరోగ్యం ఉందో లేదో మాత్రం సర్జన్‌తో కాక, రోజూ మిమ్మల్ని చూసే ఫిజీషియన్‌తో మాట్లాడి నిర్ణయించుకోవాలి.