డేటా ఎంట్రీ ఫారాలు, 6వ పాఠం: రాసే పెట్టె వేరు, వెతికే పెట్టె వేరు

ఈసారి సబ్‌ఫారం (ఒక ఫారం లోపల పెట్టే మరో ఫారం) నేర్పుతానని కిందటి పాఠం చివర మాట ఇచ్చాను. నేర్పుతాను. కానీ దానికి ముందు 5వ పాఠం వల్ల జరిగిన నష్టాన్ని సరిదిద్దాలి. ఆ పాఠంలో ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయకుండా వదిలేశాను. మీలో కొందరి లెక్కలు అందువల్లే తారుమారయ్యాయి.

బెంగళూరు మారతహళ్లిలోని ఒక పీజీ హాస్టల్‌ను ఉదాహరణగా తీసుకుని, మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ యాక్సెస్‌లో మూడు పట్టికలు తయారు చేసుకున్నాం: గదులు, నివాసులు, చెల్లింపులు. తరువాత చెల్లింపుల ఫారం కట్టాం. అందులో నివాసి పేరు ఎంచుకునే కాంబో బాక్స్ (నొక్కితే జాబితా తెరుచుకునే పెట్టె), కట్టిన మొత్తం, కట్టిన తేదీ, ఏ నెల అద్దె అన్న వివరం ఉన్నాయి. ఫారం చక్కగా పనిచేసింది, అందరూ సంతోషించారు. బెంగళూరులోనే నిజంగా పీజీ నడుపుతున్న ఒకావిడ ఆ పాఠం చదివి, తన రసీదు పుస్తకంలోని లెక్కలన్నీ అందులోకి ఎక్కించారు. రెండు వారాల తరువాత నాకు ఫోను చేశారు.

"మాస్టారూ, జనవరి అద్దె నెల్లూరు అబ్బాయి కట్టినట్టు రసీదు ఉంది. కంప్యూటర్‌లో అదే డబ్బు ఒంగోలు అబ్బాయి పేరున ఉంది. నిన్న చూస్తే ఇంకెవరి పేరో ఉంది. రోజుకొక పేరు మారుతోంది. మేము ఎవరమూ దాన్ని ముట్టుకోలేదు."

ముట్టుకోలేదన్న మాట ఆమె నమ్మి చెప్పినదే. అందుకే ఆదివారం వెళ్లి, వాళ్ల మేనేజరు పక్కన కూర్చుని అతను పని చేస్తుంటే చూశాను. ఫారం తెరవగానే తెర మీదికి పట్టికలోని మొదటి రికార్డు, అంటే మొదటి వరుస వచ్చింది. అది నెల్లూరు అబ్బాయి జనవరి చెల్లింపు. మేనేజరు దాన్ని గమనించలేదు. ఎదురుగా చిత్తూరు అబ్బాయి డబ్బు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేనేజరు పేరు పెట్టె తెరిచి చిత్తూరు అబ్బాయి పేరు ఎంచుకున్నాడు. అలా చేస్తే అతని పాత చెల్లింపులు కనిపిస్తాయని అతని నమ్మకం. ఏమీ కనిపించలేదు. సరేనని కింద ఉన్న కొత్త రికార్డు బటన్ నొక్కి, మళ్లీ పేరు ఎంచుకుని, డబ్బు రాసి, రసీదు చింపి ఇచ్చాడు.

ఆ కొద్ది క్షణాల్లో నెల్లూరు అబ్బాయి జనవరి అద్దె చిత్తూరు అబ్బాయి ఖాతాలోకి వెళ్లిపోయింది.

ఇక్కడ ఆగి, నిదానంగా అర్థం చేసుకోండి. ఖాతా పుస్తకంలో ఒకరి లెక్క చూడాలంటే పేజీలు తిప్పుతాం. మేనేజరు పేజీలు తిప్పలేదు. తెరిచి ఉన్న పేజీ నెత్తిన ఉన్న పేరు కొట్టేసి వేరే పేరు రాశాడు. అతను తిప్పుతున్నానని అనుకున్నాడు, ఫారం రాస్తున్నాడని అనుకుంది. తప్పు అతనిది కాదు. చూడటానికి ఒకేలా ఉండే పెట్టెతో రెండు పనులు చేయవచ్చని అనిపించేలా ఫారం కట్టినవారిది, అంటే మనది.

కాంబో బాక్స్ ప్రాపర్టీ షీట్ (దాని అమరికల జాబితా) తెరిస్తే కంట్రోల్ సోర్స్ అనే గడి కనిపిస్తుంది. అందులో ఫీల్డ్ పేరు, అంటే పట్టికలోని నిలువు వరుస పేరు ఉంటే అది రాసే పెట్టె. మీరు ఎంచుకున్నది నేరుగా ఆ రికార్డులోకి వెళుతుంది. ఆ గడి ఖాళీగా ఉంటే పెట్టె ఏ పట్టికనూ ముట్టుకోదు. అప్పుడే దాన్ని వెతకడానికి వాడవచ్చు. బయటికి కనిపించే రూపంలో రెండింటికీ రవ్వంత తేడా లేదు. నాకు కోపం తెప్పించేది అదే.

యాక్సెస్ "భద్రపరచమంటారా" అని అడగదు. రికార్డు నుంచి పక్కకు కదిలితే చాలు, మార్పు పట్టికలోకి వెళ్లిపోతుంది. ఎడమ అంచున చిన్న పెన్సిల్ గుర్తు కనిపిస్తే ఆ రికార్డులో ఇంకా భద్రపరచని మార్పు ఉందని అర్థం. ఆ క్షణంలో ఎస్కేప్ మీట రెండుసార్లు నొక్కితే మార్పంతా రద్దవుతుంది. మీ దగ్గర ఫారం వాడే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఈ పెన్సిల్‌ను చూపించండి.

"పట్టికల మధ్య సంబంధం కట్టాం కదా, అది ఎందుకు అడ్డుకోలేదు" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. పేరు ఎంచుకుంటే చెల్లింపులో పడేది నివాసి సంఖ్య. సంబంధం చూసేది ఒక్కటే: ఈ సంఖ్య గల నివాసి ఉన్నాడా, లేడా? చిత్తూరు అబ్బాయి ఉన్నాడు, కాబట్టి దానికి అభ్యంతరం లేదు. విలువను పరీక్షించే వాలిడేషన్ రూల్‌కూ అభ్యంతరం లేదు, మొత్తం సున్నా కంటే ఎక్కువే. ఖాళీ వదలకూడదన్న నియమానికీ లేదు, పెట్టె నిండే ఉంది. ఉన్న విలువ సరైన రూపంలోనే ఉంది, కానీ వేరే మనిషిది అయింది. ఈ రకం పొరపాటును పట్టికలోని ఏ నియమమూ పట్టుకోలేదు. ఫారం రూపంలోనే దాన్ని ఆపాలి.

ఇప్పటికే లెక్క చెడినవారు ముందుగా ఫైలుకు నకలు తీసుకోండి. తరువాత చెల్లింపుల పట్టిక మీద ఒక క్వెరీ (పట్టికను అడిగే ప్రశ్న) కట్టండి: నివాసి, నెల వారీగా గుంపులు చేసి, ఒక గుంపులో ఒకటి కంటే ఎక్కువ చెల్లింపులు ఉన్నవాటిని చూపించమనండి. రెండో క్వెరీలో ఆ నెల అసలు చెల్లింపే లేని నివాసులను తెప్పించండి. ఒకరి దగ్గర ఎక్కువైనది ఇంకొకరి దగ్గర తక్కువైనది అయి ఉంటుంది. రెండు విడతల్లో అద్దె కట్టేవారు కూడా మొదటి జాబితాలో వస్తారు కాబట్టి, రసీదు పుస్తకం పక్కన పెట్టుకోకుండా ఒక్క రికార్డునూ దిద్దకండి. మొదటి రికార్డును తప్పకుండా చూడండి, ఎక్కువ దెబ్బలు దానికే తగిలి ఉంటాయి.

ఇక మరమ్మతు. చెల్లింపుల ఫారం ప్రాపర్టీలలో డేటా ఎంట్రీ అన్న గడిలో ఎస్ (Yes) పెట్టండి. ఇకపై ఫారం ఖాళీ రికార్డుతోనే తెరుచుకుంటుంది, పాతవి కనిపించవు. ఇది ఈ రోజుకు సరిపడే కట్టు మాత్రమే. పాత చెల్లింపులు చూడాలన్న మేనేజరు అవసరం న్యాయమైనది, దానికి దారి ఇవ్వాలి.

ఆ దారి నివాసుల ఫారంలో, అంటే నివాసుల పట్టికకు కట్టిన ఫారంలో ఉంది. దాన్ని డిజైన్ వ్యూలో (ఫారం రూపాన్ని మార్చే తెరలో) తెరిచి, ఫారం హెడర్‌లో, అంటే పై పట్టీలో కొత్త కాంబో బాక్స్ పెట్టండి. అడుగడుగునా దారి చూపే విజార్డ్ తెరుచుకుని మూడు ఎంపికలు చూపిస్తుంది. ఎంచుకున్న విలువను బట్టి ఫారంలో రికార్డును వెతికే మూడో ఎంపికను తీసుకోండి. ఫారం ఏ పట్టికకూ కట్టి లేకపోతే ఆ మూడోది కనిపించదు. అది కనిపించలేదని ఇద్దరు రాశారు, కారణం ఇదే. విజార్డ్ పని ముగించాక కంట్రోల్ సోర్స్ ఖాళీగా ఉందో లేదో మీ కళ్లతో చూడండి. ఆ పెట్టెకు రంగు వేరుగా వేసి, పక్కన "వెతకండి" అని రాయండి. నేను లేత పసుపు వేస్తాను, నా ఫారాలన్నిటిలోనూ పసుపు పెట్టె అంటే వెతికేదే.

జాబితాలో పేరొక్కటే చూపిస్తే చాలదు. ఒక పీజీలో ముగ్గురు సాయికిరణ్‌లు ఉండటం వింతేమీ కాదు. పేరు, గది సంఖ్య, సొంత ఊరు మూడూ చూపించండి. నివాసి సంఖ్య ఉన్న మొదటి నిలువు వరుస వెడల్పు సున్నాగా ఉంచండి, బౌండ్ కాలమ్ (పెట్టె తన విలువగా తీసుకునే వరుస) 1గా ఉండాలి. కోడ్ రాసేవారికి ఒక్క మాట: బౌండ్ కాలమ్ లెక్క ఒకటితో మొదలవుతుంది, కోడ్‌లో కాలమ్ లెక్క మాత్రం సున్నాతో మొదలవుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. పేరు వెతికి, తరువాత కింది బాణాలతో ముందుకు కదిలితే రికార్డు మారుతుంది కానీ పసుపు పెట్టెలో పాత పేరే నిలిచి ఉంటుంది. చూసేవారు ఆ పేరే నిజమనుకుంటారు. కొందరు రికార్డు మారిన ప్రతిసారీ నడిచే ఫారం ఆన్ కరెంట్ ఈవెంట్‌లో పెట్టెను కొత్త రికార్డుకు తగ్గట్టు మారుస్తారు. నేను అదే చోట పెట్టెను ఖాళీ చేస్తాను. వెతకడం అయిపోయాక వెతికే పెట్టెలో పేరు ఉండవలసిన అవసరమే లేదు.

పాతవి ఎవరూ మార్చకూడదని ఫారం మొత్తానికి అలౌ ఎడిట్స్ నో అని పెట్టకండి. అలా పెడితే పసుపు పెట్టె కూడా కదలదు, ఏ పట్టికకూ కట్టి లేకపోయినా సరే. మార్చకూడని పెట్టెలను ఒక్కొక్కటిగా ఎంచుకుని వాటి లాక్డ్ ప్రాపర్టీని ఎస్ చేయండి.

సబ్‌ఫారం ఇప్పుడు రెండు మాటల్లో అయిపోతుంది. నివాసుల ఫారం డిటెయిల్ భాగంలోకి చెల్లింపుల ఫారాన్ని లాగి వదలండి. లాగేముందు అందులోని నివాసి కాంబో బాక్స్‌ను తొలగించి, డేటా ఎంట్రీని మళ్లీ నో చేయండి, లేకపోతే పాత చెల్లింపులు కనిపించవు. రెండు ఫారాలనూ కలిపే లింక్ మాస్టర్, లింక్ చైల్డ్ గడుల్లో రెండు చోట్లా నివాసి సంఖ్య ఉండాలి. ఇప్పుడు పై భాగంలో ఎవరు ఉంటే కింద వారి చెల్లింపులే కనిపిస్తాయి, కొత్తది రాస్తే నివాసి సంఖ్య దానంతటదే పడుతుంది. చెల్లింపు రాసేవారి చేతికి పేరు పెట్టె ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పై భాగం నుంచి సబ్‌ఫారంలోకి అడుగు పెట్టగానే పై రికార్డు భద్రమవుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

మరొక ఫిర్యాదు ఎక్కువమంది నుంచి వచ్చింది: మొబైల్ సంఖ్యను ఫారం తీసుకోవడం లేదు. మీరు ఆ ఫీల్డ్‌ను నంబర్‌గా పెట్టారు. నంబర్ ఫీల్డ్‌కు మామూలుగా ఉండే లాంగ్ ఇంటీజర్ పరిమాణంలో పట్టే అతి పెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. మన మొబైల్ సంఖ్యలు 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతాయి, అంటే 600 కోట్లకు పైమాటే. ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే డబుల్‌గా మార్చి గట్టెక్కామని కొందరు అన్నారు. ల్యాండ్‌లైన్ రాసి చూడండి, బెంగళూరు 080లోని మొదటి సున్నా మాయమవుతుంది. కూడికలు, తీసివేతలు చేయని సంఖ్య ఏదైనా టెక్స్ట్‌గానే ఉంచండి. మారతహళ్లి పిన్‌కోడ్ 560037 కూడా అంతే.

చేతి వేగానికి పనికొచ్చేవి నాలుగు: కంట్రోల్‌తో సెమీకోలన్ నొక్కితే ఈనాటి తేదీ పడుతుంది. కంట్రోల్‌తో అపాస్ట్రఫీ నొక్కితే పై రికార్డులోని విలువ దిగుతుంది, ఒకటో తేదీ హడావుడిలో ఇది గొప్ప సాయం. ఎఫ్‌4 కాంబో జాబితాను తెరుస్తుంది. షిఫ్ట్‌తో ఎంటర్ రికార్డును అక్కడికక్కడే భద్రపరుస్తుంది. చివరి పెట్టెలో ట్యాబ్ నొక్కితే తెలియకుండానే తరువాతి రికార్డుకు వెళ్లిపోతుంది కాబట్టి, పై ఫారం సైకిల్ ప్రాపర్టీని కరెంట్ రికార్డ్‌గా మార్చండి.

అభ్యాసం. ఇది సాయంత్రమంతా పడుతుంది, తొందరపడకండి. ఫైలు నకలులో మీ పాత ఫారం తెరిచి, మేనేజరు చేసిన పొరపాటును కావాలనే అయిదుసార్లు, అయిదు వేరు వేరు రికార్డుల మీద చేయండి. ఏవి చెడగొట్టారో కాగితం మీద రాసి మడిచి పెట్టండి. మరునాడు ఆ కాగితం తెరవకుండా, రెండు క్వెరీలూ రసీదు పుస్తకమూ మాత్రమే వాడి అయిదింటినీ పట్టుకోండి. తరువాత కొత్త ఫారం కట్టి, దాన్ని ఎప్పుడూ చూడని మనిషిని కూర్చోబెట్టి ముప్పై చెల్లింపులు రాయించండి. మౌస్ తీసి పక్కన పెట్టండి. మీరు నోరు మెదపకుండా, వారి చెయ్యి ఎక్కడ తడబడిందో ప్రతిసారీ రాసుకోండి. 7వ పాఠం తేదీల పెట్టెతో మొదలవుతుంది, చదివేటప్పుడు ఆ తడబాట్లు రాసుకున్న కాగితం మీ పక్కనే ఉండాలి.