సభ నడుపుదాం – 3వ పాఠం: కింద ఏ అంకె పెట్టాలి?

ముందుగా గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్న. స్థిరమైన జనాభా, హద్దులున్న భూమి, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించే శక్తి: దేశమంటే ఈ నాలుగూ ఉండాలని 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం చెప్పింది. దీన్ని ఉన్నదున్నట్టు మైక్రోనేషన్ల (అంటే తమను తామే దేశంగా ప్రకటించుకున్నా ఏ దేశమూ గుర్తించని బుల్లి దేశాల) సమాఖ్య నియమావళిలో సభ్యత్వ షరతుగా పెడితే ఏమవుతుంది? సమాఖ్యలో సభ్యులే మిగలరు. నెవాడాలో ఇంటి స్థలాన్నే గణతంత్రంగా ప్రకటించుకున్న మొలోసియా లాంటివాళ్లకు కనీసం చూపించడానికి నేల ఉంది. మిల్వాకీలో 1979లో పద్నాలుగేళ్ల కుర్రాడు తన పడకగదిలో మొదలుపెట్టిన టలోసా లాంటివాటి సంగతేమిటి? అందుకే షరతుల్లో భూమి అడగకండి, పని అడగండి: ప్రభుత్వం అనేది నడుస్తోందా, ఉత్తరానికి జవాబు వస్తోందా అని.

ఇక ఈ పాఠం ఓట్ల లెక్క. చేతులు లెక్కపెట్టడంలో ఏముంది అనిపిస్తుంది. అనుకూలంగా ఎన్ని పడ్డాయన్న దాని మీద నిజంగానే గొడవ ఉండదు. దాన్ని దేంతో భాగించాలన్న దగ్గరే సభలు విడిపోతాయి.

ఒక ఊహా సభ తీసుకుందాం. 2009లో పుట్టిన గ్రాండ్ యూనిఫైడ్ మైక్రోనేషనల్ లాంటి సమాఖ్యల తరహాలో, సభ్యదేశానికి ఒక ప్రతినిధి, ఒక ఓటు, సభ్యులే ఎన్నుకున్న అధ్యక్షుడు, ఆన్‌లైన్‌లో సమావేశం. (ఆ సమాఖ్యలో పాలక సభ పేరే కోరం. మనం మాత్రం ఈ పాఠాల్లో కోరం అంటే సభ సాగడానికి కావలసిన కనీస హాజరు అనే అర్థంలోనే వాడదాం.) మన సభ పట్టీలో 24 దేశాలున్నాయి. ఈరోజు 11 మంది ప్రతినిధులు వచ్చారు. కొత్త దేశాన్ని చేర్చుకోవాలన్న తీర్మానం మీద అనుకూలం 6, వ్యతిరేకం 3, తటస్థం 2. నియమావళిలో 'మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి' అని మాత్రమే ఉంది.

తీర్మానం నెగ్గిందా?

'హాజరై ఓటు వేసినవారిలో' అని చదివితే తటస్థులు లెక్కలోకి రారు. 9లో 6, సరిగ్గా మూడింట రెండు వంతులు. నెగ్గింది. 'హాజరైనవారిలో' అంటే 11లో 8 కావాలి. ఓడింది. 'మొత్తం సభ్యులలో' అంటే 16 ఓట్లు కావాలి. వచ్చినవాళ్లంతా చేతులెత్తినా కుదరదు. పడ్డ ఓట్లు అవే, చెప్పిన వంతూ అదే.

మొదటిది ఐక్యరాజ్యసమితి సాధారణ సభ పద్ధతి. ముఖ్యమైన విషయాలకు హాజరై ఓటు వేసిన సభ్యుల్లో మూడింట రెండు వంతులు కావాలని ఐరాస చార్టర్ 18వ అధికరణం అంటుంది. తటస్థంగా ఉన్నవారిని ఓటు వేయనివారిగా చూడాలని సభ నిబంధనలు విడిగా చెబుతాయి. మీకు నా సలహా కూడా ఇదే. రెండో పద్ధతిలో తటస్థంగా ఉండటం అంటే మర్యాదగా వ్యతిరేకించడమే. ఆ సంగతి ఓటు వేసేవాళ్లలో సగం మందికి తెలియదు. మూడో పద్ధతిని నియమావళి సవరణకు మాత్రమే ఉంచుకోండి. అప్పుడు కూడా భయపడుతూనే.

అయితే ఇంకో మెలిక ఉంది. అదే సాధారణ సభ నిబంధనల ప్రకారం సమావేశం తెరిచి చర్చ మొదలుపెట్టడానికి మూడో వంతు సభ్యులు చాలు, నిర్ణయం తీసుకోవడానికి మాత్రం సగానికి మించి ఉండాలి. మన 24లో చర్చకు 8 చాలు, నిర్ణయానికి 13 కావాలి. వచ్చింది 11. అంటే నెగ్గిందనుకున్న ఆ తీర్మానం ఓటింగుకే రాకూడదు. మన శాసనసభలకు ఇంత పట్టింపు లేదు. రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం పదిమంది లేదా పదో వంతు, ఏది ఎక్కువైతే అది. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ సభలో 18, 119 మంది ఉన్న తెలంగాణలో 12. భిన్నం వస్తే పై అంకెకే వెళ్లాలి. పదిహేడున్నర మంది సభలో కూర్చోలేరు కదా.

మైక్రోనేషన్ల సభకు పదో వంతు పెట్టకండి. 24లో పదో వంతు అంటే ముగ్గురు. స్నేహితులు ముగ్గురు అర్ధరాత్రి కూర్చుని సమాఖ్య పేరే మార్చేయగలరు. ఐరాస పద్ధతిలో రెండు మెట్లుండటమే మేలు: తెరవడానికి మూడో వంతు, తేల్చడానికి సగం పైన.

కానీ సగం పైన అని పెట్టగానే అసలు జబ్బు బయటపడుతుంది. ఉత్సాహంగా చేరి, జెండా పంపి, రెండు సమావేశాలకు వచ్చి, తర్వాత మాయమైపోయే దేశాలు ఏ సమాఖ్యలోనైనా ఉంటాయి. చాలా మైక్రోనేషన్లు ఒక్క మనిషి ఓపిక మీద నడిచేవి. ఆ మనిషికి పరీక్షలో పెళ్లో ఉద్యోగమో వస్తే దేశం ఆగిపోతుంది, పేరు మాత్రం పట్టీలో ఉండిపోతుంది. మన 24లో అలాంటివి 9 అనుకుందాం. మిగిలిన 15 దేశాలకు ఎంత శ్రద్ధ ఉన్నా 13 మంది రావడం ఎప్పుడో గానీ జరగదు.

ఇలా మాయమైనవాళ్లను లెక్కలోంచి తీసేయడమే దారి. ఐరాస కూడా ఇలాంటి కోత ఒకటి పెట్టుకుంది. చెల్లించాల్సిన చందా బాకీ గడిచిన రెండు పూర్తి సంవత్సరాల మొత్తానికి సమానమైనా, మించినా ఆ దేశానికి సాధారణ సభలో ఓటు ఉండదని చార్టర్ 19వ అధికరణం. మన సమాఖ్యలో చందాలు లేకపోతే హాజరే చందా. ఇలా రాసుకోండి:

'ముందుగా తెలియజేయకుండా వరుసగా మూడు సమావేశాలకు రాని సభ్యదేశం నిద్రాణ జాబితాలోకి వెళుతుంది. నిద్రాణ సభ్యులు కోరం లెక్కలోకీ ఓట్ల లెక్కలోకీ రారు. తిరిగి వస్తున్నామని ఒక్క ఉత్తరం రాస్తే తర్వాతి సమావేశం నుంచి పూర్తి హక్కులు వస్తాయి. సమావేశానికి ఏడు రోజుల ముందు జాబితా ప్రకటించాలి. ఆ తర్వాత అందులోకి కొత్త పేరు చేర్చరాదు.'

ఆ చివరి రెండు వాక్యాలూ కొట్టేయకండి. అవి లేకపోతే తనకు గిట్టని నలుగురిని ఓటింగుకు అరగంట ముందు నిద్రపుచ్చే అధ్యక్షుడు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు. ఈ నియమంతో మన సభ 15కి దిగుతుంది. నిర్ణయానికి 8 చాలు. 11 మంది వచ్చారు కాబట్టి ఓటింగ్ చెల్లుతుంది, 6–3తో తీర్మానం నెగ్గుతుంది.

ఎవరిని లెక్కించాలో తేలింది. గదిలో ఉన్నది ఎవరో తేల్చుకోవడం మిగిలింది. 2023 ఫిబ్రవరిలో జెనీవాలో జరిగిన రెండు ఐరాస హక్కుల కమిటీల సమావేశాల్లో నిత్యానంద తన దేశంగా ప్రకటించుకున్న 'కైలాస' ప్రతినిధులమంటూ కొందరు పాల్గొన్నారు. ఎవరైనా రాగలిగే బహిరంగ సమావేశాలవి. వాళ్లు చెప్పింది విషయానికి సంబంధం లేనిదని, దాన్ని పరిగణనలోకి తీసుకోబోమని ఐరాస మానవహక్కుల కార్యాలయం తర్వాత స్పష్టం చేసింది. ఈలోపు ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. చూసినవాళ్లలో చాలామంది సీటు వచ్చేసిందనే అనుకున్నారు. మన సభలో ఈ అయోమయం రాకుండా హాజరు పట్టీని మూడు ముక్కలు చేయండి: ఓటున్న సభ్యులు, పరిశీలకులు, అతిథులు. పేరు పక్కనే ఏ ముక్కో కనిపించాలి. ఇంకో వాక్యం కూడా చేర్చండి: 'ఒక వ్యక్తి ఒకటి కంటే ఎక్కువ దేశాల తరఫున ఓటు వేయరాదు.' ఒకే మనిషి మూడు పేర్లతో మూడు రాజ్యాలు నడపడం ఈ లోకంలో వింతేమీ కాదు.

వేళ గురించి కొంచెం. డిసెంబరులో ఆదివారం రాత్రి 8కి లండన్‌లో సమావేశం పెడితే నెవాడాలో మధ్యాహ్నం 12, సిడ్నీలో సోమవారం ఉదయం 7, హైదరాబాద్‌లో తెల్లవారితే సోమవారం అనగా రాత్రి ఒకటిన్నర. ఎవరో ఒకరి నిద్ర చెడాల్సిందే, కాబట్టి వేళను వంతులవారీగా మార్చండి. లేదా చర్చ సమావేశంలో, ఓటింగ్ రాతలో, 72 గంటల గడువుతో పెట్టండి. అలా పెడితే 'హాజరు' అన్న మాటకు అర్థం మారుతుంది, అది కూడా రాయాలి: అనుకూలమో వ్యతిరేకమో తటస్థమో గడువులోగా నమోదు చేసినవారే హాజరైనవారు. ఈ వాక్యం మరిచిపోయి రాత ఓటింగ్ పెడితే కోరం ఎలా లెక్కించాలో ఎవరికీ తెలియదు.

అధ్యక్షుడికి ఓటుందా? మన రాజ్యాంగంలో సభాపతి మామూలుగా ఓటు వేయడు, సరిసమానమైతే నిర్ణాయక ఓటు వేస్తాడు. ఐరాస సాధారణ సభలో అధ్యక్షుడు ఓటు వేయడు, ఆయన ప్రతినిధి బృందంలో మరొకరు వేస్తారు. సరిసమానం వస్తే 48 గంటల్లోపు మరో సమావేశంలో మళ్లీ ఓటింగ్, అప్పుడూ సమానమైతే ఓడినట్టే. మన దగ్గర ప్రతినిధి బృందమే ఒక్క మనిషి. ఆయన్ని ఓటు వేయొద్దంటే ఆ దేశం గొంతు నొక్కినట్టే, అధ్యక్ష పదవికి ఎవరూ ముందుకు రారు. అందుకని అధ్యక్షుణ్ణి అందరిలాగే ఒక ఓటు వేయనివ్వండి, సమానమైతే తీర్మానం ఓడినట్టు రాసుకోండి. రెండో ఓటు మాత్రం ఇవ్వకండి.

వచ్చే పాఠంలో సవరణలు, అభ్యంతరాలు. మాట్లాడుతున్నవారిని మధ్యలో ఆపే హక్కు ఎవరికి, ఎప్పుడు ఉంటుందో చూద్దాం. ఈలోపు ఈ లెక్క చేయండి.

పట్టీలో 18 దేశాలు, అందులో 3 నిద్రాణం. సమావేశం తెరిచినప్పుడు 9 మంది ఉన్నారు, వారిలో ఒకరు పరిశీలకుడు. ఓటింగ్ మొదలయ్యే సమయానికి ఒక సభ్యుడి నెట్ పోయింది, మళ్లీ రాలేదు. అనుకూలం 4, వ్యతిరేకం 2, తటస్థం 1. కావలసింది హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు, కోరం ఈ పాఠంలో చెప్పినట్టే. అధ్యక్షుడిగా మీరు చేసే ప్రకటనను రెండు వాక్యాల్లో రాయండి. నాలుగును ఆరుతో భాగించే ముందు హాజరు పట్టీ ఇంకోసారి చూడండి.