టాలీ ప్రైమ్‌లో ఉమ్మడి ఖర్చులను సైట్ల వారీగా పంచే పద్ధతి

ఒకేసారి రెండు మూడు పనులు నడిపే సివిల్ కాంట్రాక్టరు, టాలీ ప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసుకునే ఖాతాల్లో సిమెంటు, ఇనుము, కూలీ వంటి ఖర్చులు ఏ సైటువో తేలిగ్గానే తెలుస్తాయి. అన్ని సైట్లూ తిరిగే ప్రాజెక్టు ఇంజనీరు జీతం, ఈ వారం ఒకచోట, వచ్చే వారం మరోచోట పనిచేసే జేసీబీ, పనులన్నింటికీ కలిపి కట్టిన బీమా ప్రీమియం దగ్గరే చిక్కు వస్తుంది. వీటిని పంచకుండా వదిలేస్తే ప్రతి సైటూ ఉన్నదానికంటే ఎక్కువ లాభంలో కనిపిస్తుంది. తోచినట్టు పంచితే ఒక సైటు నష్టం మరో సైటు లెక్కలో దాక్కుంటుంది.

సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందే ఏ ఖర్చును పంచాలో, దేన్ని పంచకూడదో కాగితం మీద తేల్చుకోవాలి. నిర్మాణ కాంట్రాక్టులకు వర్తించే అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 7 ప్రకారం బీమా, డిజైన్ సాయం, నిర్మాణ ఓవర్‌హెడ్‌లు (ఏ ఒక్క పనికీ నేరుగా చెందని ఉమ్మడి ఖర్చులు) వంటివి క్రమబద్ధమైన, హేతుబద్ధమైన పద్ధతిలో కాంట్రాక్టులకు పంచవచ్చు. సాధారణ పరిపాలన ఖర్చులను మాత్రం, తిరిగి చెల్లిస్తామని ఒప్పందంలో రాసి ఉంటే తప్ప, కాంట్రాక్టు ఖర్చులో కలపకూడదు. అమ్మకపు ఖర్చులను అసలే కలపకూడదు. కాబట్టి హెడాఫీసు అద్దె, అక్కడి గుమస్తాల జీతాలు పంపకంలోకి రావు. టెండరులో రేటు వేసేటప్పుడు వాటికి వేరుగా ఒక శాతం కలుపుకోవాలి.

టాలీ ప్రైమ్‌లో ఎఫ్11 నొక్కి 'ఎనేబుల్ కాస్ట్ సెంటర్స్' దగ్గర 'యెస్' ఇవ్వాలి. తర్వాత 'క్రియేట్' మెనూలోంచి ఒక్కో సైటుకు ఒక కాస్ట్ సెంటర్ (ఖర్చును, ఆదాయాన్ని విడిగా లెక్కగట్టే విభాగం), హెడాఫీసుకు ఒకటి, పంచవలసిన ఒక్కో రకం ఖర్చుకు ఒకటి తెరవాలి. ఈ చివరి రకాన్ని పూల్ అందాం: 'పర్యవేక్షణ పూల్', 'జేసీబీ పూల్' వంటి పేర్లు సరిపోతాయి. సైట్లూ పూల్సూ ఒకే కాస్ట్ కేటగిరీ (కాస్ట్ సెంటర్ల గుంపు) కింద ఉండాలన్నది ఇక్కడ ముఖ్యం. టాలీలో కేటగిరీలు ఒకే మొత్తాన్ని రెండు కోణాల్లో సమాంతరంగా చూపించడానికి ఉద్దేశించినవి గనుక, పూల్స్‌ను వేరే కేటగిరీలో పెడితే అక్కడి నుంచి సైట్లకు మళ్లించిన సొమ్ము ఏ కేటగిరీ మొత్తంలోనూ సరిపోలదు. ఖర్చుల లెడ్జర్లలోనూ (ఒక్కో పద్దు ఖాతాల్లోనూ), బిల్లుల ఆదాయం పడే లెడ్జర్లోనూ 'కాస్ట్ సెంటర్స్ ఆర్ అప్లికబుల్' ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

ఇక దేని ప్రకారం పంచాలన్నది అన్నింటికంటే ఎక్కువ ఆలోచించవలసిన విషయం. ఒక నెలలో రోడ్డు పనికి 50 లక్షలు, బడి భవనానికి 30 లక్షలు, నీళ్ల ట్యాంకుకు 20 లక్షలు నేరు ఖర్చు (ఆ సైటుకే చెందిన ఖర్చు) అయ్యిందనీ, అందులో కూలీ వరుసగా 6, 10, 4 లక్షలనీ, పర్యవేక్షణ పూల్‌లో 3 లక్షలు ఉన్నాయనీ అనుకుందాం. నేరు ఖర్చు ప్రకారం పంచితే రోడ్డుకు 1,50,000, భవనానికి 90,000, ట్యాంకుకు 60,000 పడతాయి. కూలీ ప్రకారం పంచితే ట్యాంకు వాటా మారదు గానీ, రోడ్డుకు 90,000, భవనానికి 1,50,000 అవుతాయి. రోడ్డు ఖర్చులో సింహభాగం తారు, కంకరలది; ఇంజనీరు కాలమంతా గడిచేది సెంట్రింగ్, కడ్డీల అల్లిక చూసుకోవలసిన భవనం దగ్గర. అందువల్ల పర్యవేక్షణకు కూలీయే సరైన ప్రాతిపదిక అని నా అభిప్రాయం. సిమెంటు, ఇనుము పని ఇచ్చిన డిపార్టుమెంటే సరఫరా చేసే పనులు ఉన్నచోట నేరు ఖర్చు లెక్క మరింత తప్పుదారి పట్టిస్తుంది.

జేసీబీకి లాగ్‌బుక్ గంటలే ప్రాతిపదిక. డీజిలును నేరుగా సైటుకే రాసి, ఆపరేటరు జీతం, బీమా, మరమ్మతు, తరుగుదల పూల్‌లో వేయాలి. తరుగుదలను మార్చి నెలాఖరున ఒకేసారి రాసే అలవాటుంటే పదకొండు నెలల గంట రేటు తప్పుతుంది, కాబట్టి అంచనా మొత్తంలో పన్నెండో వంతు ప్రతి నెలా రాయాలి. పూల్‌లో 1,80,000 ఉండి, మామూలుగా నెలకు 200 గంటలు నడిచే యంత్రమైతే గంటకు 900 రూపాయలు. ఈ నెల 150 గంటలే నడిస్తే సైట్లకు 1,35,000 మాత్రమే వేయాలి. మిగిలిన 45,000 ఖాళీగా నిలబడిన కాలానిది. పంపకం మామూలు స్థాయి పని ఆధారంగా జరగాలనీ, కాంట్రాక్టుకు వాడకుండా నిలిచిన యంత్రాల తరుగుదలను కాంట్రాక్టు ఖర్చులో చేర్చకూడదనీ ఏఎస్ 7 చెబుతోంది గనుక దాన్ని హెడాఫీసు సెంటరుకు మళ్లించాలి.

నెల మధ్యలో ఉమ్మడి ఖర్చు ఏది వచ్చినా వోచర్ (లావాదేవీ నమోదు) రాసేటప్పుడే దాని పూల్‌కు చూపించాలి. పంపకానికి ఇన్‌డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ కింద 'ఓవర్‌హెడ్ పంపకం' అనే లెడ్జర్ ఒకటి తెరిచి, నెలాఖరున ఎఫ్7తో జర్నల్ వోచర్ (నగదు, బ్యాంకు ప్రమేయం లేని సర్దుబాటు నమోదు) రాయాలి. అదే లెడ్జర్‌ను 3,00,000కు డెబిట్ చేసి కాస్ట్ సెంటర్లుగా మూడు సైట్ల వాటాలు ఇవ్వాలి. మళ్లీ అదే లెడ్జర్‌ను 3,00,000కు క్రెడిట్ చేసి పర్యవేక్షణ పూల్‌ను చూపాలి. లెడ్జర్ నిల్వ సున్నాయే కాబట్టి లాభనష్టాల పట్టికలో పైసా కూడా మారదు, సైటు లెక్కలో మాత్రం నేరు ఖర్చు, పంచిన ఖర్చు విడివిడిగా కనిపిస్తాయి. ప్రాతిపదిక అంకెలను నెరేషన్‌లో (వోచర్ కింది వివరణలో) రాసిపెడితే ఏడాది తర్వాత ఆడిటర్ అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు. ముందే శాతాలు నిర్ణయించుకునే కాస్ట్ సెంటర్ క్లాస్ సౌకర్యం కూడా ఉంది గానీ, నెలనెలా మారే నిష్పత్తులకు అది పనికిరాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ పనులుండి వేర్వేరు జీఎస్టీ నంబర్లు ఉన్నవారు ఈ జర్నల్‌ను పన్ను పంపకంగా భావించకూడదు. ఉమ్మడిగా తీసుకున్న బయటి సేవల ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే కొన్నప్పుడు కట్టి తర్వాత తగ్గించుకోగల జీఎస్టీని, 2025 ఏప్రిల్ 1 నుంచి ఇన్‌పుట్ సర్వీస్ డిస్ట్రిబ్యూటర్ అనే ప్రత్యేక జీఎస్టీ నమోదు ద్వారానే పంచాలి.

చివరిగా 'డిస్‌ప్లే మోర్ రిపోర్ట్స్'లో 'స్టేట్‌మెంట్స్ ఆఫ్ అకౌంట్స్', అందులో 'కాస్ట్ సెంటర్స్' కింద 'కేటగిరీ సమ్మరీ' తెరిచి చూడాలి. ప్రతి పూల్ ఎదుటా నిల్వ లేకుండా ఉండాలి. ఏదైనా మిగిలితే జర్నల్ తర్వాత వచ్చిన బిల్లు ఏదో ఆ పూల్‌లో పడిందని అర్థం. ఆ సెంటరు మీద ఎంటర్ నొక్కుతూ లోపలికి వెళ్తే వోచర్ దొరుకుతుంది. పాత జర్నల్‌ను దిద్దకుండా, ఆ తేడాకు అదే నిష్పత్తిలో మరో జర్నల్ రాయాలి.