పరీక్షలను ఉమ్మడి చోటికి చేర్చే ముందు

సాఫ్ట్‌వేర్ సరిగా పనిచేస్తోందో చూడటానికి ఒక విభాగం రాసుకున్న పరీక్షలను ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అంతటికీ పంచుతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

• ఫైలు మొదట్లో లైసెన్సు (కోడ్‌ను ఏ షరతులతో వాడుకోవచ్చో) చెప్పే లైను ఉందా?

• ఫలితం చెప్పే తీరు అందరిదీ ఒకటేనా? లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన భాగం) సెల్ఫ్‌టెస్టుల్లో పరీక్ష ముగిశాక ఇచ్చే సంఖ్య 0 అంటే నెగ్గింది, 1 అంటే విఫలమైంది, 4 అంటే దాటవేసింది. కావలసిన పరికరం లేకపోయినా 0 ఇచ్చే పరీక్షే అన్నిటికన్నా ప్రమాదం. తెర మీద పచ్చరంగు చూసి అందరూ నిశ్చింతగా ఉంటారు. అసలు పరీక్షించింది ఏమీ ఉండదు.

• తాత్కాలిక ఫైలుకు ఎప్పుడూ ఒకే పేరా? రెండు పరీక్షలు ఒకేసారి నడిస్తే ఒకదాని ఫైలును మరొకటి చెరిపేస్తుంది. (దీన్ని పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.) పరీక్షల వరుస తారుమారు చేసి 20 సార్లయినా నడపండి.

• పరీక్షను ఉమ్మడి చోటికి చేర్చే మార్పులోనే విభాగంలో ఉన్న పాత కాపీని తొలగించండి.

• పరీక్ష చెడితే చూసేదెవరో రాసిపెట్టండి.